మా వదిన ఇంగ్లీషూ, భీమక్క మేకా

మా వదిన మహేశ్వరి దేనికీ జంకే మనిషి కాదు. ఎమ్మిగనూరులో మా పుట్టింటి వీధిలో తాగి గోల చేసేవాడు ఎవడైనా ఆమె గడప దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించుకుని పోతాడు. ఒకసారి మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో పాము కనబడితే మా అన్న ఉమేష్ మంచమెక్కి నిలబడ్డాడు, వదిన కట్టె అందుకుంది. అంత మనిషికీ ఇంగ్లీషు పరీక్ష అంటే భయం. వారం ముందు నుంచే గొంతులోకి ముద్ద దిగేది కాదు.

నేను ఆమె ఆడబిడ్డను, పద్మను. ఆదోనిలో కాపురం. మా ఆయన పత్తి మిల్లులో పని చేస్తాడు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఆడబిడ్డగా పుట్టి వదినను ఆటపట్టించకపోతే ఆ పుట్టుకెందుకు? కాబట్టి నేను ఆమెను అప్పుడప్పుడూ ఎగతాళి చేస్తాను. ఆ హక్కు నాకొక్కదానికే ఉంది, ఇంకెవరైనా చేస్తే ఊరుకోను.

వదినది కోడుమూరు. తొమ్మిదో తరగతితో బడి మానిపించారు. కొన్నేళ్ళకు మా అన్నకిచ్చి చేశారు. వచ్చిన కొత్తలో ఇంట్లో నూలు కండెలు చుట్టేది, మా అన్న నేసే మగ్గానికి కావలసినవన్నీ అందించేది. తర్వాత మా వీధి అంగన్‌వాడీలో ఆయా పని దొరికింది. వంట, గిన్నెలు, పిల్లల ముక్కులు, పిల్లల ముడ్లు, అన్నీ ఆమెవే. వీధిలో ఇప్పుడు మీసాలొచ్చిన మగపిల్లలంతా ఒకప్పుడు ఆమె ఒళ్ళో నిద్రపోయినవాళ్ళే. అందరికీ ఆమె ఆయమ్మ.

అంగన్‌వాడీ టీచరుకు రిటైరయ్యే వయసు దగ్గరపడింది. ఆయా పది పాసై ఉంటే ఆ పోస్టు ఆమెకే వచ్చే వీలుంటుందని ఆఫీసులో చెప్పారు. వదిన ఓపెన్ స్కూల్లో చేరి ఒక్కొక్క సబ్జెక్టే దాటుకుంటూ వచ్చింది. లెక్కలు కూడా గట్టెక్కింది. ఇంగ్లీషు దగ్గర మాత్రం బండి రెండుసార్లు బోల్తా కొట్టింది. ఇంకొక్క పరీక్షే మిగిలింది. అది కూడా పోతే వయసు దాటిపోతుంది, ఆ కుర్చీలో ఇంకెవరో వచ్చి కూర్చుంటారు.

"గిన్నెలు తోముతావు, జీతం వస్తాంది. ఈ వయసులో నీకెందుకు వదినా ఈ తిప్పలు?" అని ఒకసారి అడిగాను.

"తోమేదానికి నాకేం సిగ్గు ల్యాదు పద్మా," అంది. "అయితే లోపల టీచరమ్మ పిల్లోల్లకు విసుక్కుంటా పాట సెప్తాంటే నా చేతులు ఆడవు. నేనయితే ఇంకోతీరు సెప్తా అనిపిస్తాది. పిల్లోల్లకు ఏది ఎట్ల సెప్తే ఎక్కుతాదో నాకు తెలుసు. ఆ మాట నాకు తప్ప ఎవరికీ తెలీదు, అదీ నా బాధ."

ఆ మాట విన్నాక నేను ఆ రోజుకు ఎగతాళి మానేశాను.

మా పుట్టింటికి ఎదురింటి భీమక్కకు అంత జాలి లేదు. నాలుగు మేకలు పెట్టుకుని బతికే మనిషి. ఆమె నోరు ఆ నాలుగు మేకలకంటే పెద్దది. వదిన పుస్తకం పట్టుకుని గడపలో కూర్చుంటే చాలు, "ఏమ్మే ఆయా, కుక్క తోక పట్టుకొని గోదారి ఈదుతాండావే!" అని వీధంతా వినబడేలా అనేది. ఎప్పుడూ "ఏమ్మే ఆయా" అనే పిలుపే. మహేశ్వరి అనే పేరు ఉందని కూడా భీమక్క ఒప్పుకున్నట్లు లేదు.

వదిన మొదట చదివిన తీరు చెబుతాను. నేత ఇంట్లో నూలు కట్టలను రంగుకు రంగు విడదీసి పెడతారు. ఎరుపులో పసుపు కలిస్తే ఇల్లాలికి పని రాదనే లెక్క. మా వదిన ఇంగ్లీషును కూడా అలాగే విడదీసింది. మగ్గం గదిలో ఎడమ గోడ మీద సుద్దముక్కతో అయిపోయిన పనులు చెప్పే మాటలన్నీ రాసింది: కేమ్, వెంట్, ఫెల్, రాన్, లుక్డ్. కుడి గోడ మీద చిన్న చిన్న మాటలు: ఇన్, ఆన్, అట్, టు, ఫర్, ఆఫ్టర్. పొద్దున ఎడమ గోడ, సాయంత్రం కుడి గోడ. రెండూ జోలపాటలా నోటికొచ్చేశాయి. పరీక్షలో రెంటినీ కలపమంటే మాత్రం ఏ మాటకు ఏ తోక తగిలించాలో తెలిసేది కాదు. బస్సులో వచ్చినదానికి మనం "బస్సుకు వచ్చినా" అంటాం కదా. అదే ఇంగ్లీషులో పెట్టి "ఐ కేమ్ టు బస్" అని రాసి వచ్చింది. "కుక్కకు భయపడినా" అన్నది ఎలా రాసిందో చెప్పను, ఎంతైనా మా వదిన. గైడులో ఊటీ ప్రయాణం మీద ఒక ఉత్తరం ఉంటే అది బట్టీ పట్టి, రెండుసార్లూ అదే మొదలుపెట్టి, సగంలో ఊటీ కొండల్లో తప్పిపోయింది. మంత్రాలయం దాటి ఎరగని మనిషికి ఊటీ ఏం తెలుస్తుంది!

మా వీధిలో ఇందు అని ఒక పిల్ల ఉంది. రోజూ బస్సులో ఆదోనికి వచ్చి డిగ్రీ చదువుకుంటోంది. ఆమె కూడా ఆయమ్మ ఒళ్ళో పెరిగిందే. ఒకరోజు మగ్గం గదిలోకి వచ్చి రెండు గోడలూ చూసి ఫక్కున నవ్వింది.

"ఆయమ్మా, వీటిని వేరు కాపురం పెట్టించినావే! ఇవి కలిసుంటేనే అర్థం. లుక్డ్ అట్ అంటే చూసినాది. లుక్డ్ ఫర్ అంటే ఎతికినాది. లుక్డ్ ఆఫ్టర్ అంటే సాకినాది. మాట ఒకటే, తోక మారితే పని మారిపోతాది."

"చూసేదానికీ సాకేదానికీ ఏం సంబంధం పాపా?"

"మనం పిల్లోల్లను సూసుకున్నా అనమా? అట్లనే. అన్నిట్లోనూ ఇట్ల కుదరదు. గ్యాస్ అయిపోయినాదనుకో, వి రాన్ అవుట్ ఆఫ్ గ్యాస్ అంటారు."

"పరిగెత్తింది ఎవరు?"

"ఎవరూ పరిగెత్తల్యా ఆయమ్మా. అయిపోయినాది, అంతే."

"ఎందుకట్ల?"

"ఎందుకో వాళ్ళకే తెలీదు. అనుకుంటా అనుకుంటా అలవాటైపోయినాది."

వదిన ఆ రాత్రి భోజనంలో కూడా "ఎవరూ పరిగెత్తల్యా" అని గొణుక్కుందని అన్న నాకు ఫోన్లో చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఆమెకు దిగులు ఎక్కువైంది. కారణం లేని మాటలను ఎలా గుర్తు పెట్టుకోవాలి? గోడలు తుడిచేసి, పుస్తకం అటక మీద పెట్టేసింది.

ఆ వారమే నేను పుట్టింటికి వెళ్ళాను. మా అన్న మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చింది, కొత్త పడుగు అతకాలి. మగ్గం ఎరగనివాళ్ళకు ఈ పని సంగతి చెప్పాలి. పాత పడుగును పూర్తిగా తీసెయ్యరు. దాని కొసలు మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగునూ పాత పడుగులోని దాని జత పోగుకు వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు. వేళ్ళకు బూడిద అద్దుకుని, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు పోగు అందిస్తే ఇంకొకరు మెలిపెట్టాలి. అంచు పోగు అంచు పోగుకే, నడుమ పోగు నడుమ పోగుకే. ఏ పోగుకు ఏ పోగని ఎవరూ కారణం అడగరు. వేళ్ళకు తెలుస్తుంది.

నేను అందిస్తున్నాను, వదిన మెలిపెడుతోంది. కాసేపటికి ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏమైంది వదినా, నడుం పట్టుకున్నాదా?"

"పద్మా, నేను ఇన్నాళ్ళూ పాత పోగులన్నీ ఒక గోడకు, కొత్త పోగులన్నీ ఒక గోడకు కట్టి గుడ్డ కాలేదని ఏడుస్తాండా," అంది. "అతికిందాన్నే పట్టుకోవల్ల. ఫెల్ అని ఒకటి ల్యాదు, ఇంటు అని ఒకటి ల్యాదు. ఫెల్ఇంటు. అదొక్క పోగు."

నాకేమీ అర్థం కాలేదు. అయినా ఇంకో పోగు అందించాను. నేను పోగు అందించినప్పుడల్లా ఆమె ఒక జత పలికింది. లుక్డ్‌ఆఫ్టర్. రాన్‌ఆఫ్టర్. షౌటెడ్‌అట్. సాయంత్రానికి పడుగు అతికింది, వదిన మెదడు కూడా అతికింది.

ఆ జతలు ఎక్కడ దొరుకుతాయి? గైడులో దొరకవని ఆమెకు తెలిసిపోయింది. మా వీధి ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. పొద్దు వాలాక అరుగుల మీద కండెలు చుట్టుకుంటూ నిన్నటి సంగతులు మాట్లాడుకుంటారు. ఎవరింట్లో ఏం పగిలింది, ఎవరు ఎవరితో మాట మానేశారు. అయిపోయిన పనుల మీద మా వీధికి ఉన్నంత శ్రద్ధ ఇంకే వీధికీ లేదు. ఆ కబుర్లనే వదిన ఇంగ్లీషులో పెట్టడం మొదలుపెట్టింది. ఇందు పక్కన కూర్చుని, వాడుకలో ఎలా అంటారో చెప్పేది. కూరగాయలమ్మే బజారి అనేవాడు సైకిల్ మీద నుంచి పడ్డాడా? బజారి ఫెల్ ఆఫ్ హిజ్ సైకిల్. భీమక్క అతన్ని తిట్టిందా? భీమక్క షౌటెడ్ అట్ బజారి. రోజూ భీమక్క షౌటెడ్ అట్ ఎవరో ఒకరు ఉండేవారు కాబట్టి ఆ జత వదినకు బాగా గట్టిపడింది.

భీమక్కకు తన పేరు వినబడింది. "ఏమ్మే ఆయా! దొరల బాసలో నన్ను తిడ్తాండావా?" అని కొంగు నడుముకు చెక్కి వచ్చింది.

"తిట్టడంల్యా భీమక్కా, జరిగినాదే సెప్తాండా."

"జరిగినాదే సెప్తే తిట్టినట్లు కాదా?"

వదిన నవ్వు ఆపుకుంటూ కండె అందుకుంది.

పరీక్షకు ఇంకా కొన్ని రోజులున్నాయనగా జరిగింది అసలు సంగతి. మా అన్న పాత పద్ధతి మనిషి. ఇప్పటికీ పొద్దున్నే పడుగును వీధి పొడవునా చాపి గంజి పట్టించి కుంచెతో దువ్వుతాడు. ఆ రోజు తర్వాతి పడుగుకు గంజి పెట్టి, ఆరేలోపు టీ తాగొద్దామని సందు చివరికి వెళ్ళాడు. భీమక్క పెద్ద మేక తాడు తెంపుకుంది. గంజి వాసన దానికి పాయసంలా తగిలినట్లుంది, వచ్చి పడుగును నాకడం మొదలుపెట్టింది. వదిన చూసి కేక వేసింది. మేక బెదిరింది, కొమ్ములకు పోగులు చిక్కుకున్నాయి, పడుగునంతా ఈడ్చుకుంటూ మా ఇంట్లోకే జొరబడి దభాలున మగ్గం గుంటలో పడింది. వెనకాల వదిన, ఆ వెనకాల భీమక్క, ఆ వెనకాల కేక విని టీ వదిలేసి కుంచె పట్టుకుని వచ్చిన మా అన్న. ముగ్గురూ కలిసి మేకను బయటికి లాగారు. అది బయటికి రాగానే మిగిలిన గంజి కోసం మళ్ళీ వీధిలోకి పోయింది.

భీమక్క మేకను పట్టుకుని ఏడ్చింది, మా అన్న పడుగును పట్టుకుని ఏడ్చాడు. తప్పు మేకదా, తాడుదా, టీదా అని వీధి మూడు ముక్కలైంది. పనికొచ్చినంత పడుగు విడదీసేసరికి అన్నకు పొద్దు వాలిపోయింది.

పరీక్ష ఆదోనిలో పడింది. వదిన ముందురోజే మా ఇంటికి వచ్చింది. పొద్దున ఆదోని బొరుగుల ఉగ్గాని, బజ్జీ ముందు పెట్టినా ముట్టలేదు. "ఈసారి పోతే పద్మా..." అని ఆగిపోయింది. నేను ఆమెను ఆటోలో తీసుకెళ్ళి బడి గేటు దగ్గర దింపి, బయట వేపచెట్టు నీడలో కూర్చున్నాను. దేవుణ్ణి ఎప్పుడూ పట్టించుకోనిదాన్ని, ఆ రోజు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను.

బయటికి వచ్చినప్పుడు ఆమె మొహంలో ఏమీ తెలియలేదు.

"ఉత్తరం ఏమొచ్చింది వదినా?"

"కళ్ళారా చూసిన సంగతి ఒకటి స్నేహితురాలికి రాయమన్యారు."

"రాసినావా?"

"మొదట ఊటీ మొదలుపెట్నా. చెయ్యి దానంతటదే రాసేసినాది. రెండు వరుసలు రాసినాక సూసుకున్నా. కళ్ళారా సూసినాది కదా అడిగినారు, నేను ఊటీ యాడ సూసినా? బట్టీ పట్టిందంతా కండ్ల ముందే ఉంది పద్మా. కొట్టేస్తే ఇంక ఏ ఆధారమూ ల్యాదు."

"ఏం చేసినావు, సెప్పు తల్లీ!"

"కొట్టేసినా. మేకను రాసినా."

ప్రభుత్వ పరీక్షలో భీమక్క మేకా! ఆమె మాత్రం గేటు దగ్గరే నిలబడి కళ్ళు మూసుకుని మొత్తం అప్పజెప్పింది. ది గోట్ రాన్ అవే విత్ అవర్ థ్రెడ్స్. వి రాన్ ఆఫ్టర్ ఇట్. ఇట్ ఫెల్ ఇంటు ది లూమ్ పిట్. భీమక్క షౌటెడ్ అట్ అస్. వి పుల్డ్ ఇట్ అవుట్. ఎక్కడా తడుముకోలేదు. పోగు తర్వాత పోగు మెలి తిరుగుతూ వస్తున్నట్లే ఉంది. చివర్లో ఒక మాట అదనంగా రాసిందట. ఐ లుక్డ్ ఆఫ్టర్ ది గోట్ దట్ డే, బికాజ్ ఇట్ వాజ్ అఫ్రెయిడ్. తర్వాత మేకకు దడుపు పట్టుకుంటే ఆ రోజంతా వదినే నీళ్ళు తాగించి కాళ్ళకు పసుపు రాసింది. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆడబిడ్డను కదా, ఏడుపు వచ్చినా మొహం తిప్పుకుని "ఉగ్గాని తింటావా ఇప్పుడైనా?" అన్నాను. రెండు ప్లేట్లు తింది.

ఫలితాలు వచ్చిన రోజు నేను ఎమ్మిగనూరులోనే ఉన్నాను. ఇందు ఫోన్ పట్టుకుని వీధి మొదట్లో నుంచే పరిగెత్తుకొచ్చింది. చెప్పులు ఎక్కడో జారిపోయాయి. వదిన అంగన్‌వాడీ దగ్గర గిన్నెలు తోముతోంది. ఇందు వెళ్ళి ఆమె తడి చేతుల్ని పట్టుకుని గిరగిరా తిప్పింది.

"పాసయినావు ఆయమ్మా! ఇంగ్లీషు పాసు! బొటాబొటి కాదు, మంచి మార్కులు!"

వదిన అక్కడే కింద కూర్చుండిపోయి, కొంగులో మొహం పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. చిన్నపిల్లలు ఆయమ్మ ఎందుకు ఏడుస్తోందో తెలియక తామూ ఏడుపు అందుకున్నారు. ఇందు వాళ్ళ చేతికి తలా ఒక పళ్ళెం, గరిటె ఇచ్చి వాయించమంది. ఇంక చూడాలి! పళ్ళేలు మోగించుకుంటూ పిల్లలు ముందు, మధ్యలో వదిన, వెనక మేము, వీధంతా తిరిగాం. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. మగవాళ్ళు గుంటల్లోంచి లేచి వచ్చారు. "నవ్విన నాపచేనే పండిందప్పా!" అని మా అన్న దారిలో కనబడిన ప్రతివాడి భుజం మీదా చరిచాడు. పడుగు పోయిన రోజు ఏడ్చిన మనిషి ఇతనేనా అనిపించింది. నాకైతే ఆ రోజు మా వదినను ఎత్తుకుని తిరగాలనిపించింది, మోయలేనని తెలిసి మానుకున్నాను.

భీమక్క గడపలో నిలబడి చూస్తోంది. పరీక్షలో మేకను రాసిన సంగతి ఇందు ఆమెకు చెప్పేసింది. నేను గొడవకు సిద్ధపడ్డాను.

"నా మేకనా రాసినావు?" అంది భీమక్క.

"అవును భీమక్కా."

"నా పేరు కూడా?"

"అవును."

భీమక్క వీధివైపు తిరిగి గొంతెత్తింది. "అందరూ ఇనండప్పా! నా మేక ఫెల్ ఇంటు కాకపోయింటే ఈయమ్మ యాడ పాసయ్యుంటాది? సగం మార్కులు నా మేకవి!"

వీధి వీధంతా ఘొల్లుమంది. ఆ మేకకు ఆ రోజు మా అన్నే స్వయంగా గంజి పోశాడు.

టీచరుగా ఉత్తర్వు రావడానికి ఇంకా కొంతకాలం పట్టింది. వచ్చింది. మొదటిరోజు నేను ఆదోని నుంచి తొలి బస్సుకే వెళ్ళాను. వదిన ఉతికిన నేత చీర కట్టుకుని, కొత్తగా వచ్చిన ఆయాకు గిన్నెలు ఎక్కడున్నాయో చూపించి, లోపల కుర్చీ ఉన్నా చాప మీదే కూర్చుంది. పిల్లలు ఆమె చుట్టూ కూర్చున్నారు. గుమ్మంలో భీమక్క కనబడింది. ఆమె మనవడు కొంగు పట్టుకుని వెనకాల దాక్కున్నాడు. అప్పటిదాకా ఎవరి దగ్గరా నిలవని పిల్లాడు.

నేను "ఏమ్మే ఆయా" కోసం ఎదురుచూశాను.

"టీచరమ్మా," అని పిలిచింది భీమక్క. "నా మేకను సూసుకున్నావు గదా. వీన్ని కూడా లుక్డ్ ఆఫ్టర్ చెయ్యి."

వదిన లేచి వెళ్ళి పిల్లాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అది అయిపోయినదానికి అంటారు భీమక్కా," అంది నవ్వుతూ. "వీనిది ఈపొద్దే మొదలు."

పిల్లాడు నానమ్మ కొంగు వదిలి టీచరమ్మ చెయ్యి పట్టుకున్నాడు.